బండికి చందా సరే, డీజిలుకో?

అమెరికాలో చిన్న ఊళ్ల మాజీ సైనికుల బృందాలు జనం ముందు తరచూ ఒక విజ్ఞప్తి పెడుతుంటాయి. షెడ్డులో ఏళ్ల తరబడి తుప్పు పట్టి పడి ఉన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఒకటి ఉంది, దాన్ని మళ్లీ దారికెక్కించాలి, ఇంజన్‌కి ఇంత, గేర్‌బాక్స్‌కి ఇంత, టైర్లకు ఇంత అవుతుంది, మీ చేతనైనంత ఇవ్వండి అని. బండి లేచాక దాంట్లో నలుగురైదుగురు మాజీ సైనికులను కొండదారుల్లోకి తీసుకెళ్తారు. రెండు మూడు రోజులు గుడారాలేసుకుని అక్కడే ఉంటారు, వండుకుంటారు, రాత్రిళ్లు మంట చుట్టూ కూర్చుంటారు. మిగతా రోజుల్లో అదే బండి ఇల్లు కదలని మాజీ సైనికుడి గుమ్మం ముందుకు వెళ్లి ఆగుతుంది.

వినగానే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. యుద్ధం నుంచి మనసు చితికి వచ్చినవాడికి కావలసింది డాక్టరా, జీపా? పాత బండి బాగుచేసే సరదాకు సైనికుడి పేరు తగిలించి చందాలు పోగు చేస్తున్నారా? నాకూ మొదట అలాగే అనిపించింది. అంకెలు దగ్గర పెట్టుకుని చూశాక ఆ అనుమానం మరో చోటికి జరిగింది.

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఏటా ఒక నివేదిక ఇస్తుంది. దాని లెక్కన 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. రోజుకు సగటున 17.6 మంది. విరాళాల కరపత్రాల్లో ఇప్పటికీ ‘రోజుకు 22’ అన్న అంకె కనిపిస్తుంది. అది 2012 నాటి నివేదికలోది, కొన్ని రాష్ట్రాల మరణ రికార్డుల నుంచి వేసిన అంచనా. పదిహేడే గుండె పగిలే సంఖ్య. దాన్ని పెంచి చెప్పనక్కర లేదు, చెప్పకూడదు కూడా. మన బాధను నమ్మించడానికి తప్పు లెక్క వాడితే రేపు ఒప్పు లెక్కనూ ఎవరూ నమ్మరు.

అదే నివేదికల్లో ఇంకో సంగతి ఉంది. చనిపోయిన ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు ఆ ఏడాది గానీ అంతకుముందు ఏడాది గానీ ఆ శాఖ ఆసుపత్రి గడప తొక్కినవాళ్లు కారు. దేశమంతటా ఆసుపత్రులున్నాయి, డాక్టర్లున్నారు, మందులున్నాయి, 2007 నుంచి ప్రత్యేక సహాయ ఫోన్ ఉంది. 988కి కొట్టి 1 నొక్కితే అవతల మనిషి పలుకుతాడు. 2023 జనవరి నుంచి ఆత్మహత్య అంచున ఉన్న మాజీ సైనికుడికి అత్యవసర వైద్యం ఉచితం. ఇన్ని ఉన్నా ఆ ఆరుగురు రాలేదు. డాక్టరా, జీపా అన్న ప్రశ్నలో పొరపాటు ఇక్కడుంది. డాక్టరు ఆసుపత్రిలోనే ఉన్నాడు. రానిది మనిషి.

ఎందుకు రాడు? మొదటిది దూరం. అమెరికా మాజీ సైనికుల్లో దాదాపు నాలుగోవంతు పల్లెల్లో ఉంటారు. మోంటానా, వయోమింగ్ లాంటి చోట్ల పల్లె అంటే మన పల్లెలా గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు కావు. పక్కిల్లు కనుచూపు మేరలో ఉండదు. సగటున అరగంట ప్రయాణం కన్నా దూరమైతే ప్రభుత్వ ఖర్చుతో బయటి డాక్టరుకు చూపించుకోవచ్చని 2018 నాటి మిషన్ చట్టం వీలు కల్పించింది. మంచి చట్టమే. కానీ ఆ అరగంట దూరంలో బయటి మానసిక వైద్యుడూ లేకపోతే చట్టం ఏం చేస్తుంది?

రెండోది దూరానికి సంబంధించింది కాదు. ‘నాకంటే ఎక్కువ దెబ్బ తిన్నవాళ్లున్నారు, వాళ్ల వంతు నేనెందుకు లాక్కోవాలి’ అనుకునే సైనికులు చాలామంది. కాలు పోగొట్టుకున్నవాడు చేతులు పోగొట్టుకున్నవాడిని చూపిస్తాడు, అతను చనిపోయినవాడిని చూపిస్తాడు. అడగడం చేతకానితనమనీ, మోయడమే మగతనమనీ పదేళ్లు తర్ఫీదిచ్చి పంపిన మనిషిని ఒక్క కాగితం మీద సంతకం పెట్టి ‘ఇక అడుగు’ అంటే అడగలేడు.

ఈ పాఠం అమెరికాకు కొత్తది కాదు. 1970లో న్యూయార్క్‌లో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొందరు ఆసుపత్రికి వెళ్లడం మానేసి తమలో తాము కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాటిని ర్యాప్ గ్రూపులు అన్నారు. రాబర్ట్ జే లిఫ్టన్, ఛైమ్ షాటన్ అనే మానసిక వైద్యులు వాళ్ల మధ్యకు వెళ్లి కూర్చున్నారు. డాక్టరు బల్ల వెనక కూర్చోలేదు, వాళ్లతో సమానంగా కుర్చీ వేసుకున్నాడు. అప్పటికి ఈ బాధకు వైద్య పుస్తకాల్లో సరైన పేరు కూడా లేదు. ఇవాళ మనం పీటీఎస్‌డీ అంటున్న మాట అమెరికా మానసిక వైద్యుల వ్యాధుల పట్టికలోకి ఎక్కింది 1980లో. అంతకు ఏడాది ముందే, 1979లో, ప్రభుత్వం ఆసుపత్రి ఆవరణలకు బయట వెట్ సెంటర్లు తెరిచింది. ఇప్పుడవి దాదాపు 300. వాటికి తోడు 80 దాకా సంచార కేంద్రాలున్నాయి, అంటే బస్సులు, పెద్ద వ్యాన్లు. గుమ్మంలోకి రానివాడి దగ్గరికి గుమ్మమే వెళ్లాలని సర్కారే తెలుసుకుంది. ఒక ఊరి బృందం జీపు అడగడం ఆ దారిలో ఇంకో అడుగు.

అయితే పాత బండే ఎందుకు? విడిభాగాలు దొరకవు, తుప్పు ఎంత లోతుందో విప్పితే గానీ తెలియదు, లక్ష అనుకున్నది రెండు లక్షలవుతుంది. దుకాణంలో ఒక మంచి వ్యాను కొంటే రేపే తిప్పొచ్చు కదా?

దీనికి జవాబు నాకు చిన్నతనంలోనే దొరికింది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ మిలటరీ తాత అనేవాళ్లు. సైన్యంలో డ్రైవరుగా చేసి, 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో బండి తోలి, పింఛను మీద ఊరొచ్చాడు. మిలటరీ వేలంలో ఒక పాత జీపు కొనుక్కున్నాడు. అది నడిచిన రోజులకంటే చింతచెట్టు కింద విప్పి పడేసిన రోజులే ఎక్కువ. మనిషి మాటకారి కాడు. రచ్చబండ మీద యుద్ధం సంగతి ఎవరైనా కదిపితే బీడీ వెలిగించుకుని లేచిపోయేవాడు. నా పని టార్చిలైటు పట్టుకోవడం, పానాలు అందించడం. ‘పద్నాలుగు–పదిహేను అందుకో బావూ’ అనేవాడు. బండి కింద గోనెసంచి పరుచుకుని పక్కపక్కన పడుకునేవాళ్లం. ముఖం మీద మడ్డి చుక్క చుక్కగా పడేది. అక్కడ ఆయన మాట్లాడేవాడు. ఢాకా దారి, వానకు మోకాళ్ల దాకా దిగబడే మట్టి, లైట్లు ఆర్పేసి ముందు బండి వెనక తెల్లచుక్క చూసుకుంటూ తోలడం. ఎందుకు తాతా ఇక్కడే చెప్తావు అని ఒకసారి అడిగాను. ‘బండి కింద తొంగున్నప్పుడు ఎవుడి మొకం ఎవుడికీ కనబడదు బావూ. అప్పుడే మాటొస్తాది’ అన్నాడు.

అమెరికా షెడ్లలో జరిగేదీ ఇదే. ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ‘ఎలా ఉంది మనసు’ అని అడిగితే నోరు పెగలని మనిషి, తొట్టిలో వాల్వుల గ్రీజు కడుగుతూ, తుప్పు పట్టిన బోల్టుకు ఆయిలు పోసి నానబెట్టి కూర్చున్నప్పుడు ఒక మాట వదులుతాడు. పక్కవాడు తల తిప్పడు, జాలిగా చూడడు, ఇంకో పానా అందుకుంటాడు. అదే ధైర్యం. పైగా సైన్యం వదిలిన మనిషి పోగొట్టుకునేది జీతం ఒక్కటే కాదు. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు, తన కోసం ఎదురుచూసే నలుగురు, తన చేతి మీదుగా తప్ప కాని ఒక పని, అన్నీ ఒకేసారి పోతాయి. విప్పి నేల మీద పరిచిన ఇంజన్ వాటిని తాత్కాలికంగానైనా తిరిగి ఇస్తుంది. శనివారం నువ్వు రాకపోతే బోరుకెళ్లిన సిలిండర్ బ్లాకు అలాగే ఉండిపోతుంది. ఎవరో ఫోన్ చేసి అడుగుతారు, ఏం రాలేదని.

బ్రిటన్‌లో 2012లో మొదలైన మిషన్ మోటార్‌స్పోర్ట్ అనే సంస్థ ఈ సూత్రాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. గాయపడ్డ సైనికులచేత మోటారు పోటీల బండ్ల మీద పనిచేయించి, వాళ్లను అక్కడి నుంచి వాహన రంగంలో ఉద్యోగాల దాకా నడిపిస్తోంది. 2005లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో పుట్టిన ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ ఇదే పనిని గాలం పట్టుకుని చేస్తోంది. జీపు, గాలం, గుర్రం, ఏదైనా కావచ్చు. చేతికి పని, పక్కన ఆ యుద్ధం తెలిసిన మనిషి, ఈ రెండూ ముఖ్యం.

అందులోనూ జీపుకు సైనికుడితో ఉన్న బంధం వేరు. 1940లో అమెరికా సైన్యం 49 రోజుల గడువిచ్చి నమూనా బండి చేసి తెమ్మంది. బాంటమ్ అనే చిన్న కంపెనీ గడువులోపు తెచ్చి నిలబెట్టింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం నుంచి వచ్చినవాళ్లే మిగులు జీపులు కొనుక్కుని కొండలెక్కారు. కాలిఫోర్నియాలో రూబికాన్ దారి మీద 1953 నుంచి, యూటాలోని మోయాబ్‌లో 1967 నుంచి ఏటా జరుగుతున్న జీపు యాత్రలకు వేళ్లు అక్కడున్నాయి. మన దగ్గర జబల్‌పూర్ కర్మాగారంలో తయారై మూడు దశాబ్దాలు సైన్యాన్ని మోసిన జోంగాను ఇవాళ్టికీ ఎవరో ఒక రిటైర్డు సుబేదారు ఇంటి ముందు కడిగి తుడిచి నిలబెట్టుకుని ఉండటానికి కారణం కూడా ఆ బంధమే.

కాబట్టి బండి అడగడంలో నాకు తప్పు కనిపించదు. నా బాధ అడిగే లెక్క గురించి. ఈ విజ్ఞప్తుల్లో ఇంజన్ ఉంటుంది, సస్పెన్షన్ ఉంటుంది, ముందు బంపరుకు వించి ఉంటుంది, రంగు ఉంటుంది. బండి లేచిన రెండో ఏడాది ఉండదు. ఇన్సూరెన్సు ఎవరు కడతారు? మనుషుల్ని ఎక్కించుకుని రాళ్లదారిలో వెళ్లే బండికి మామూలు పాలసీ చాలదు. డీజిలు, టైర్లు, క్లచ్ ప్లేట్లు ఎవరివి? అన్నిటికంటే ముఖ్యం, కొండ నుంచి దిగిన తర్వాత పదో రోజు, ముప్పయ్యో రోజు ఆ మనిషికి ఫోన్ చేసేదెవరు? ఆ పనికి ఒక మనిషిని పెట్టుకుంటే జీతమివ్వాలి. జీతానికి చందా అడిగితే దాత ముఖం చిట్లిస్తాడు. ‘నా డబ్బు సైనికుడికి చేరాలి, ఆఫీసుకు కాదు’ అంటాడు. మెరిసే బండి ఫొటోలో పడుతుంది, ఫోన్ చేసే మనిషి పడడు. దాతలు దేనికిస్తారో బృందాలు దాన్నే అడుగుతాయి. ఈ తప్పు అడిగేవాళ్లది ఎంతో ఇచ్చేవాళ్లదీ అంతే.

దాత జంకడానికీ కారణాలున్నాయి. 2016లో వూండెడ్ వారియర్ ప్రాజెక్ట్ అనే పెద్ద సంస్థ సమావేశాలకు, ప్రయాణాలకు విచ్చలవిడిగా ఖర్చు పెడుతోందని పత్రికల్లో వచ్చింది. అత్యున్నత స్థాయి అధికారులిద్దరూ ఆ మార్చిలో పదవులు వదలాల్సి వచ్చింది. ఖర్చులో ఎక్కువ వాటా కార్యక్రమాలకే వెళ్లిందని సంస్థ లెక్క చూపినా నమ్మకానికి తగిలిన దెబ్బ తగిలింది. 2018లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ అన్ని రాష్ట్రాల అధికారులతో కలిసి సైనికుల పేరు చెప్పి వసూళ్లు చేసే దొంగ సంస్థల మీద పడింది. ఆ దాడికి ‘ఆపరేషన్ డొనేట్ విత్ ఆనర్’ అని పేరు పెట్టారు. వందకు పైగా కేసులు బయటపడ్డాయి. దొంగలు దోచింది దాతల డబ్బే కదా అని ఊరుకోలేం. నిజంగా బండి కింద పడుకుని పనిచేసేవాడికి రావలసిన చందాను వాళ్లు ముందే ఎత్తుకుపోయారు.

చిన్న బృందాలకు ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో ధర్మసంస్థలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990ను ఎవరైనా చూడొచ్చు. జీతాలెంత, కార్యక్రమాలకెంత, అంతా అందులో ఉంటుంది. కానీ ఏడాది వసూళ్లు మామూలుగా 50,000 డాలర్ల లోపుంటే నాలుగు ముక్కల ఈ-పోస్ట్‌కార్డు చాలు. ఒక జీపు బాగుచేసే బృందం సాధారణంగా ఆ గీత కిందే ఉంటుంది. అంటే చట్టం అడగనిది వాళ్లే విప్పి చూపాలి. బండి ఎవరి పేరు మీద ఉంది? సంస్థ పేరునా, అధ్యక్షుడి పేరునా? సంస్థ మూతపడితే బండి ఎక్కడికి పోతుంది? అనుకున్నదాని కంటే ఎక్కువ డబ్బొస్తే దేనికి వాడతారు? ఇవి అడిగిన దాతను అనుమానస్తుడని అనుకోకూడదు. నిజాయతీగా చేసేవాళ్లకు ఈ ప్రశ్నలు రక్షణ.

ఇంకొకటి కూడా సూటిగా చెప్పాలి. కొండ మీద మూడు రోజులు మనిషిని తేలికపరుస్తాయి. నాలుగో రోజు అదే ఇల్లు, అదే రాత్రి. మంట చుట్టూ అందరూ మనసు విప్పాక ఒక్కసారిగా ఒంటరివాడైతే వెళ్లేముందు కన్నా కిందికి జారే ప్రమాదం ఉంది. తోటి సైనికుడి మాట చాలా చేస్తుంది గానీ వైద్యం చేయదు. బండిలో తోడున్నవాడికి ఏ మాట వింటే భయపడాలో, ఏ డాక్టరుకు ఆ రాత్రే ఫోన్ చేయాలో తెలిసి ఉండాలి. చనిపోతున్న మాజీ సైనికుల్లో నూటికి 70 మందికి పైగా తుపాకీతోనే పోతున్నారు. ‘ఈ గడ్డు రోజులు గడిచేదాకా నీ తుపాకీ నా బీరువాలో పెడతాను, తాళం నా దగ్గరుంచుతాను’ అని అనగలిగేది నెలల తరబడి పక్కన నిలబడి పానా అందించినవాడే. ఆ చనువు సంపాదించడానికి బండి పనికొస్తే ఆ బండికి పెట్టిన ప్రతి పైసా సార్థకం.

అలాగని చందా డబ్బాను చూపించి ప్రభుత్వం తప్పుకోవడానికి లేదు. ఆత్మహత్యల నివారణకు ఊరి సంస్థలకు నేరుగా నిధులిచ్చే ఫాక్స్ గ్రాంట్లను అమెరికా 2022లో మొదలుపెట్టింది. తొలి విడతలో 80 సంస్థలకు 5 కోట్ల 25 లక్షల డాలర్లు ఇచ్చింది. అది సరైన దారి. అదే శాఖ 2025లో తన ఉద్యోగుల్లో దాదాపు 30,000 మంది తగ్గుతారని ప్రకటించింది. బండి వెళ్లి ఒక మనిషిని ఒప్పించి గుమ్మం దాకా తీసుకొస్తే లోపల డాక్టరు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. యుద్ధానికి పంపిన సంతకం ప్రభుత్వానిది. మాన్పే ఖర్చు మాత్రం ఊరివాళ్ల జోలెలో పడకూడదు.

మన దగ్గర ఈ మాట ఎత్తడానికి ఇదే సమయం. 1949 నుంచి డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం జరుపుకుంటున్నాం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం కాగితపు జెండాను గుండుసూదితో బడిపిల్లల జేబుకు గుచ్చి చిల్లర డబ్బాలో వేయిస్తాం. ఆ నిధి నుంచి నిరుపేద మాజీ సైనికులకు నెలసరి సాయం, పిల్లల చదువు, కూతుళ్ల పెళ్లి లాంటి వాటికి డబ్బు వెళ్తుంది. అవసరమైనవే. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద దేశంలో నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లున్నాయి. బీపీకి, షుగరుకు, కంటి పొరకు అక్కడ బారులు తీరతారు. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి ఆ బారులో నిలబడేవాళ్లు ఎందరు? పలాస అవతలి ఊరి నుంచో, గిద్దలూరు పక్క పల్లె నుంచో ఆ ఒక్క మాట కోసం బస్సెక్కి ఎవరొస్తారు?

2022లో వచ్చిన సైనిక నియామక పథకం అగ్నిపథ్ కింద తొలి విడతలో చేరినవాళ్లకు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. నాలుగోవంతుకు మించి సైన్యంలో ఉండరు. మిగిలినవాళ్లు ఇరవైల్లోనే, 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి చేత పట్టుకుని ఊరొస్తారు. పథకం ప్రకటించినప్పటి నిబంధనల ప్రకారం వాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుల హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. వాళ్లను ఏ జాబితా చూసి ఎవరు వెతుక్కుంటూ వెళ్తారు? 2022 అక్టోబరులో మొదలైన మానసిక సహాయ ఫోన్ టెలిమానస్ 14416 నంబరు అందరికీ ఉంది, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. కానీ ఫోన్ తీయని మనిషి సంగతే కదా మొదటి నుంచీ మనం చెప్పుకుంటున్నది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక బండి, దాన్ని తోలడానికి ఒక మాజీ సైనికుడు, ఆయనకు జీతం, డీజిలుకు మూడేళ్ల డబ్బు. పతాక దినం నాడు ఈ లెక్క ముందు పెట్టి అడిగితే ఇవ్వడానికి మన ఊళ్లలోనూ, డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ తెలుగువాళ్లు ముందుకొస్తారని నా నమ్మకం. బండికి రంగు వేయకపోయినా ఫర్వాలేదు.

మిలటరీ తాత ఒక సాయంత్రం కార్బరేటరు విప్పి కడుగుతూ ఒక వంతెన సంగతి ఎత్తాడు. ముందు బండిలో ఆయన జతగాడు ఉన్నాడట. అంతకుముందు రాత్రి ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్నారట. జతగాడికి కొడుకు పుట్టినట్టు ఉత్తరం వచ్చిందట. వంతెన సగం దాటాక, అని ఆగి జెట్టు ఊది లైటుకు పెట్టి చూశాడు. బిగించాడు. ‘సెల్ఫు కొట్టు బావూ’ అన్నాడు. రెండోసారికి ఇంజన్ అందుకుంది. బానెట్ మూసి, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, కండువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. వంతెన మీద ఏమైందో ఆయన మళ్లీ చెప్పలేదు. నేనూ అడగలేదు.